ఆమ్‌స్టర్‌డామ్ నడకలో మన బందరు గుడ్డ

ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ ముందు ఏ రోజు చూసినా గొడుగులు పైకెత్తి పట్టుకున్న గైడ్లు కనిపిస్తారు. ఒక్కో గొడుగు కింద ఒక్కో గుంపు. 2020 నుంచి నగర కేంద్రంలో గుంపుకి 15 మందికి మించకూడదని రూలు పెట్టారు కాబట్టి గుంపులు చిన్నవయ్యాయి, గొడుగులు పెరిగాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చినప్పుడల్లా నేనూ ఏదో ఒక గొడుగు వెనక నడుస్తూనే ఉంటాను. గైడ్లు మారతారు, జోకులు మారతాయి, కథ మాత్రం ఒకటే. బురదనేల మీద జాలరిపల్లె, ఆమ్‌స్టెల్ నదికి అడ్డంగా ఒక కట్ట, ధైర్యవంతులైన నావికులు, తూర్పు నుంచి మిరియాలు, జాజికాయ, లవంగాలు, వాటితో వచ్చిన డబ్బు, ఆ డబ్బుతో ఈ కాలువలు, ఈ మేడలు.

ఇందులో అబద్ధం లేదు. కానీ మధ్యలో ఒక మెట్టు ఎగిరిపోయింది. మిరియాలు, లవంగాలు ఊరికే ఎవరూ ఇవ్వరు కదండీ. వాటికి బదులు డచ్‌వాళ్ళు ఏమిచ్చారు? ఒకసారి ఒక గైడ్‌ని ఇదే అడిగితే "వెండి" అన్నాడు. అది సగం జవాబు. మిగతా సగం మన బందరులో ఉంది.

ఈ ఎపిసోడ్ ఆ సగం గురించే. విన్నవాళ్ళలో కొందరు దారి కూడా రాసిపెట్టమన్నారు. అందుకని వరసగా, ఫోన్‌లో చూసుకుంటూ నడవడానికి వీలుగా రాస్తున్నాను. మొత్తం మూడు నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. నిదానంగా నడిస్తే ఒక పూట.

స్టేషన్, ఏడుపు బురుజు

మొదలుపెట్టే ముందు ఒకసారి వెనక్కి తిరిగి స్టేషన్ చూడండి. 1889లో తెరిచిన ఈ భవనం ఉన్న చోట అంతకుముందు నేల లేదు, నీళ్ళే. దాని కింద 8,687 కొయ్యదూలాలు దిగేసి ఉన్నాయి. అంతకుముందు ఇక్కడ నిలబడితే ఎదురుగా ఐ అనే జలమార్గం, దాని నిండా ఓడల తెరచాపలు కనిపించేవి. ఈ ఊరు ఓడరేవు అన్న సంగతి ఇవాళ మనకి స్టేషన్ చాటున పడి కనిపించదు.

స్టేషన్‌కి వీపు పెట్టి ఎడమవైపు కొంచెం నడిస్తే స్క్రేయర్స్‌టోరెన్ అనే గుండ్రటి బురుజు వస్తుంది. పాత ఊరి ప్రహరీగోడలో మిగిలిన ముక్క ఇది. భర్తలు ఓడెక్కి వెళ్తుంటే భార్యలు ఇక్కడ నిలబడి ఏడ్చేవారు, అందుకే ఏడుపు బురుజు అంటారని గైడ్లు చెప్తారు. పేరుకి అసలు మూలం గోడ ఇక్కడ తిరిగే పదునైన మూల అని భాషావేత్తల మాట. అయినా కథలో బాధ అబద్ధమేం కాదు. కంపెనీ బతికిన రెండు వందల ఏళ్ళలో దాదాపు పది లక్షల మంది యూరప్ నుంచి దాని ఓడల్లో ఆసియాకి వెళ్ళారు. వాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు.

బురుజు గోడకి ఉన్న ఫలకాల్లో ఒకటి 1595 నాటి మొదటి ప్రయాణం గురించి. కొర్నేలిస్ డి హౌట్‌మన్ బృందం 4 ఓడల్లో జావాకి వెళ్ళింది. రెండేళ్ళ తర్వాత 3 ఓడలు తిరిగొచ్చాయి, మనుషులు వందమంది కూడా మిగల్లేదు. తెచ్చిన సరుకు కూడా కొంచెమే. కానీ దారి తెలిసింది. ఇంకో సంగతి కూడా అర్థమైంది. యూరప్ ఉన్నిబట్టలు ఆ ఎండలో ఎవడిక్కావాలి? ఆ దీవుల్లో జనం కోరేది పలచటి నూలుగుడ్డ, ఫలానా రంగుది, ఫలానా అంచుది. అది తయారయ్యేది హిందూస్థానంలో.

కంపెనీ ఇల్లు

అక్కడి నుంచి జేడైక్ వీధి మీదుగా నియూమార్క్ట్ కూడలికి వచ్చేయండి. మధ్యలో కోటలా కనిపించేది పాత ఊరి ద్వారం. 1617 నుంచి సరుకు తూచే కాటాగా పనిచేసింది. గైడ్లందరూ ఇక్కడ పది నిమిషాలు ఆగుతారు. మనం ఆగక్కర్లేదు. క్లోవెనీర్స్‌బుర్ఖ్‌వాల్ కాలువ వెంబడి రెండు నిమిషాలు నడిచి, ఔడె హోఖ్‌స్ట్రాట్ వీధిలోకి తిరిగితే ఒక గేటు, లోపల ఎర్ర ఇటుకల మండువా లాంటి ఆవరణ. ఇదే ఓస్ట్ ఇండిస్ హౌస్. డచ్ ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయం. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానిది. సైకిళ్ళు వాల్చేసి పిల్లలు సిగరెట్లు కాల్చుకుంటూ ఉంటారు.

కంపెనీ పుట్టింది 1602 మార్చి 20న. ఆరు ఊళ్ళ వర్తకులు కలిసి పెట్టారు. నడిపేది 17 మంది పెద్దలు, వాళ్ళలో 8 మంది ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళే. యుద్ధం చేయడానికి, కోటలు కట్టడానికి, రాజులతో ఒప్పందాలు రాసుకోవడానికి కూడా దానికి అధికారం ఇచ్చారు. పేరుకి కంపెనీ, పని రాజ్యానిది.

ఆవరణలో నిలబడి ఒక లెక్క వేసుకోండి. 1602లో కంపెనీ పెట్టారు. 1605-06 నాటికే వాళ్ళు మచిలీపట్నంలో దిగి, గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా దగ్గర వ్యాపారానికి అనుమతి సంపాదించారు. ఇంగ్లిష్‌వాళ్ళు బందరు రావడం 1611లో. అంటే హైదరాబాదు ఊరు కట్టించిన రాజు ఇంకా సింహాసనం మీద ఉండగానే ఈ ఇంటి గుమాస్తాలు మన రేవులో గుడ్డ మూరలు లెక్కపెడుతున్నారు.

అంత తొందర ఎందుకు? ఇక్కడే ఆ ఎగిరిపోయిన మెట్టు ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వెండి కృష్ణా తీరానికి వెళ్ళేది. తర్వాత్తర్వాత జపాను వెండి, చైనావైపు బంగారం కూడా తోడయ్యాయి. ఆ సొమ్ముతో గుడ్డ కొని జావాకి, మలుక్కు దీవులకి పంపేవారు. అక్కడ గుడ్డ ఇచ్చి లవంగాలు, జాజికాయ, మిరియాలు తీసుకునేవారు. ఆ సుగంధద్రవ్యాలు ఆమ్‌స్టర్‌డామ్ చేరేవి. గుడ్డ లేకపోతే మూడో అడుగు పడదు. 1612లోనే హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి కోరమాండల్ తీరాన్ని మలుక్కు దీవులకి ఎడమచెయ్యి అన్నాడు. ఆ చెయ్యి లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చిపోతుందని అతని భావం. డచ్ కాగితాల్లో "తీరం" అని ఊరికే రాస్తే చాలు, ఏ తీరమో చెప్పక్కర్లేదు, అది కోరమాండలే.

ఇప్పుడు ఆ గుడ్డ వెనక ఎన్ని చేతులో చూడండి. లోపలి నల్లరేగడి నేలల నుంచి పత్తిని బంజారాలు ఎద్దుల మీద తీరానికి తెచ్చేవారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు వడికేవారు. సాలీలు, దేవాంగులు నేసేవారు. చాకళ్ళు చలువ చేసేవారు. అద్దకంవాళ్ళు రంగు వేసేవారు. ఆ ఎరుపు కృష్ణా డెల్టాలో, నిజాంపట్నం చుట్టుపక్కల ఇసుకనేలలో పండే చిరివేరు నుంచి వచ్చేది. ఉతికిన కొద్దీ తేరే ఎరుపని దానికి పేరు. ఏ దీవిలో ఏ రంగు, ఏ పొడవు నడుస్తుందో కంపెనీ మచ్చు గుడ్డలు పంపి మరీ చెప్పేది. స్థానిక వర్తకులు మధ్యలో నిలబడి నేతగాళ్ళకి ముందుగా డబ్బిచ్చేవారు. డబ్బు ముందు తీసుకున్నవాడికి ధర అడిగే నోరుండదు. ఇది మన నేతపేటల్లో ఇంకా వినిపించే కథే.

బందరు ఒక్కటే కాదు. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, ఇటు లోపల ఖమ్మం వైపు నాగులవంచ, గోల్కొండ రాజధాని. ఇవన్నీ ఈ ఇంటి లెక్కపుస్తకాల్లో ఉన్న ఊళ్ళే.

ఒక పనిమనిషి వంద గిల్డర్లు

అక్కడి నుంచి డామ్ కూడలికి పోయే దారిలో నెస్ అనే ఇరుకు వీధి వస్తుంది. ఇప్పుడు నాటకశాలలు, బార్లు. 1602లో ఇక్కడే డిర్క్ ఫాన్ ఓస్ అనే వర్తకుడి ఇంట్లో కంపెనీ వాటాల పుస్తకం తెరిచి పెట్టారు. ఎవరైనా వచ్చి ఎంతైనా రాసుకోవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1,143 మంది రాసుకున్నారు. చివరి రోజున ఆ ఇంటి పనిమనిషి నేల్‌ట్‌ఖెన్ కొర్నేలిస్ కూడా 100 గిల్డర్లు రాసింది.

గైడ్లకి ఈ కథంటే ఇష్టం, నాకూ ఇష్టమే. ప్రపంచంలో మామూలు మనిషి షేరు కొన్న మొదటి చోట్లలో ఇదొకటి. ఆవిడ పేరు నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా మనం పలుకుతున్నాం, పుస్తకంలో ఉంది కాబట్టి. ఆవిడ వంద గిల్డర్లకి లాభం తెచ్చిన గుడ్డ నేసిన పెద్దింటి సుబ్బమ్మో, సాలి వెంకన్నో ఎవరో మనకి తెలియదు. వాళ్ళని కంపెనీ "నేతగాళ్ళు" అని బహువచనంలో రాసుకుంది. రెండు ఊళ్ళకీ తేడా డబ్బులోనే కాదు, పేరు రాసే పుస్తకం ఎవరి దగ్గర ఉందన్నదాంట్లో కూడా ఉంది.

డామ్: భవనం ముందు కాదు, వెనక్కి వెళ్ళండి

డామ్ కూడలిలో పెద్ద రాజభవనం ఉంది చూశారూ, దాన్ని రాజుల కోసం కట్టలేదు. యాకొబ్ ఫాన్ కాంపెన్ గీసిన నగర సభాభవనం అది. 1648లో మొదలుపెట్టారు. కింద 13,659 కొయ్యదూలాలు. ఏడాదికి 365 రోజులు కదా, ముందు ఒకటి, చివర తొమ్మిది చేర్చుకుంటే సంఖ్య గుర్తుంటుందని ఇక్కడి బడిపిల్లలకి నేర్పుతారు. 1808లో నెపోలియన్ తమ్ముడు లూయీ దాన్ని తన భవనం చేసుకున్నాడు.

గుంపులన్నీ ముందువైపు ఫొటోలు దిగి వెళ్ళిపోతాయి. మీరు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళండి. కప్పు అంచున ఉన్న త్రికోణాన్ని తలెత్తి చూడండి. మధ్యలో ఆమ్‌స్టర్‌డామ్ ఒక స్త్రీరూపంలో కూర్చుని ఉంటుంది. నాలుగు ఖండాలు రెండువైపుల నుంచీ తమ సరుకులు తెచ్చి ఆమె ముందు పెడుతుంటాయి. ఆసియా కూడా ఉంది. అన్నిటికీ పైన భూగోళం మోస్తున్న అట్లాస్.

సరిగ్గా చూస్తే ఇది ఆ నగరం తన గురించి తాను చెప్పుకున్న కథ. ప్రపంచం వచ్చి కానుకలు ఇచ్చింది అని. కానుకలు ఎలా వచ్చాయో ఒక్క ఉదాహరణ చెప్తాను. జాజికాయ పండే బండా దీవుల్ని 1621లో గవర్నర్ జనరల్ యాన్ పీటర్స్‌జోన్ కూన్ సైన్యంతో ఆక్రమించాడు. దాదాపు 15,000 మంది ఉండేవారనీ, చంపగా, పట్టుకుపోగా, పారిపోగా వెయ్యిమంది వరకే మిగిలారనీ చరిత్రకారుల అంచనా. తర్వాత ఆ తోటల్లో పని చేయించడానికి బానిసల్ని తెచ్చారు.

మనుషులు కూడా సరుకే

మన కథ కూడా ఇక్కడే చేదెక్కుతుంది. తెలుగు మిత్రులతో ఈ నడక చేసినప్పుడు కంపెనీ ఇంటి దగ్గర బందరు గుడ్డ గురించి చెప్తే ఈలలు వేస్తారు. "అయితే ఈ ఊరు కట్టింది మనమేనన్నమాట" అంటారు. ఆ సంతోషం నాకూ తెలుసు. కానీ అక్కడే ఆపేస్తే మనమూ ఆ త్రికోణం లాంటి బొమ్మే చెక్కుకున్నట్టు.

గుడ్డతో పాటు అదే తీరం నుంచి మనుషులూ వెళ్ళారు. పులికాట్‌లో, ఆ తర్వాత నాగపట్నంలో డచ్‌వాళ్ళు బానిసల్ని కొన్నారు. వర్షాలు పోయి కరువొచ్చిన ఏళ్ళలో, యుద్ధం పల్లెల్ని తొక్కిన ఏళ్ళలో ఈ కొనుగోళ్ళు పెరిగేవి. పిల్లల్ని, తమని తామే అమ్ముకున్నవాళ్ళున్నారు. పట్టి తెచ్చి అమ్మినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు డచ్‌వాళ్ళు కారు. మన భాషలు మాట్లాడే దళారులు, మన పాలెగాళ్ళ మనుషులు. ఓడలు వాళ్ళని బటావియాకి, అంటే ఇవాల్టి జకార్తాకి, సిలోనుకి, ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కి తీసుకెళ్ళాయి. కేప్ పత్రాల్లో బానిసల పేర్ల వెనక "ఫాన్ కోరమాండల్" అని ఉంటుంది. కోరమాండల్ నుంచి వచ్చినవాడు అని అర్థం. మన ఇళ్ళల్లో ఇంటిపేరు ఊరిని గుర్తుపెట్టుకుంటుంది. వాళ్ళకి ఇచ్చిన ఆ పేరులో ఊరు కూడా లేదు, తీరం ఒక్కటే మిగిలింది.

ఇది చెప్పినప్పుడు గుంపులో ఎవరో ఒకరు "అది తమిళదేశం వైపు కదా" అంటారు. పులికాట్ ఇవాల్టి ఆంధ్రా సరిహద్దులోనే ఉంది. ఆ రోజుల్లో చంద్రగిరి రాయల ఏలుబడిలో ఉన్న తీరం. ఓడెక్కినవాళ్ళలో తెలుగు ఎందరు, తమిళం ఎందరు అని గీత గీసి తప్పించుకోవడానికి వీల్లేదు.

హేరెన్‌గ్రాఖ్ట్: గోల్కొండ బొమ్మలు

రాజభవనం వెనక నుంచి పడమరకి రెండు మూడు నిమిషాలు నడిస్తే హేరెన్‌గ్రాఖ్ట్, దొరల కాలువ. ఇక్కడి 17వ శతాబ్దపు కాలువల వలయానికి 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇళ్ళ పైభాగంలో బయటికి పొడుచుకొచ్చిన కొక్కేలు చూడండి. సరుకు మూటల్ని తాడుతో అటకమీదికి లాగడానికి. ఇంటి పైకప్పే గోడౌను.

ఈ కాలువ మీద ఉన్న పెద్దమనుషుల్లో నికొలాస్ విట్సెన్ ఒకడు. 13 సార్లు నగర మేయరు, కంపెనీ పెద్దల్లో ఒకడు. అతని దగ్గర గోల్కొండ చిత్రకారులు వేసిన రాజుల, ఉమరావుల బొమ్మల సంపుటం ఉండేది. ఇప్పుడది రైక్స్‌మ్యూజియంలో ఉంది. గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి పోయింది 1687లో. ఆ బొమ్మలు దాదాపు అదే కాలంవి. రాజ్యం పోయింది, మొహాలు ఈ కాలువ ఒడ్డుకి వచ్చి చేరాయి.

బొమ్మలు దొరలకే. గుడ్డ అలా కాదు. పూల అద్దకం గుడ్డని డచ్‌లో "సిట్స్" అంటారు, మన చీటీగుడ్డ అన్న మాటకి దగ్గరి చుట్టం. మొదట డబ్బున్నవాళ్ళు దుప్పట్లకి, గోడలకి, ఇంట్లో వేసుకునే పొడుగు అంగీలకి వాడారు. పోనుపోను పల్లెలకీ పాకింది. ఉత్తరాన హిండెలోపెన్ అనే ఊళ్ళో ఆడవాళ్ళ సంప్రదాయ దుస్తుల్లో ఆ పూలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని మ్యూజియంలో చూస్తే పెడన అద్దకం చూసిన కళ్ళు చప్పున గుర్తుపడతాయి.

చివరి మజిలీ: వెస్ట్ ఇండియా ఇల్లు

కాలువ వెంబడి ఉత్తరానికి నడిస్తే హార్లెమ్మర్‌స్ట్రాట్ దగ్గర వెస్ట్ ఇండియా కంపెనీ పాత కార్యాలయం వస్తుంది. ఆ కంపెనీ 1621లో పుట్టింది. గైడ్లు ఇక్కడ న్యూయార్క్ గురించి చెప్తారు, అది ఒకప్పుడు న్యూ ఆమ్‌స్టర్‌డామ్ కాబట్టి. ఈ కంపెనీయే ఆఫ్రికా నుంచి అమెరికా ఖండాలకి బానిసల్ని చేరవేసింది కూడా.

దీనికీ మనకీ ఏమిటి సంబంధం అంటారా? కోరమాండల్ నుంచి వచ్చిన ఒక రకం గుడ్డకి డచ్‌వాళ్ళు "గినీ గుడ్డ" అని పేరు పెట్టారు. గినీ అంటే పశ్చిమాఫ్రికా తీరం. మన తీరంలో నేసిన గుడ్డ ఆమ్‌స్టర్‌డామ్ వచ్చి, వేలంలో అమ్ముడై, మళ్ళీ ఓడెక్కి ఆఫ్రికా వెళ్ళి, అక్కడ మనుషుల్ని కొనడానికి ఇచ్చే సరుకుల్లో ఒకటయ్యేది. నేసినవాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు. అతని పాపం అనడం లేదు. కానీ ఒక మగ్గం మీది గుడ్డ ఎంత దూరం పోయి ఏ పనికి వాడబడిందో తెలుసుకోవడం మనకి అవసరం.

ఈ ఊరు కూడా తన కథని మెల్లగా తిరగరాసుకుంటోంది. 2019లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం 17వ శతాబ్దాన్ని "స్వర్ణయుగం" అని పిలవడం మానేసింది. ఎవరికి స్వర్ణం అన్నదే ప్రశ్న. 2021 జులై 1న మేయర్ ఫెమ్కే హల్సెమా బానిస వ్యాపారంలో నగరపాలకుల పాత్రకి క్షమాపణ చెప్పారు. 2023లో అదే రోజున రాజు కూడా చెప్పారు. చర్చ ఎక్కువగా సురినామ్, కరీబియన్ చుట్టూనే జరుగుతుంది. వాళ్ళ వారసులు ఇక్కడే ఉన్నారు, ఏళ్ళ తరబడి పోరాడి అడిగారు, అందుకే ఆ మాట వచ్చింది. కోరమాండల్ తరఫున అడిగేవాళ్ళు పెద్దగా లేరు. ఆమ్‌స్టెల్‌వీన్‌లో, ఇటు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నా, మనకే ఆ కథ తెలియదు కాబట్టి.

అందుకని నాదొక చిన్న విన్నపం. ఈసారి చుట్టాలని తీసుకుని గొడుగు వెనక నడిచినప్పుడు గైడ్‌ని మర్యాదగా అడగండి, సుగంధద్రవ్యాలు దేనితో కొన్నారని. తెలిసినవాళ్ళు సంతోషంగా చెప్తారు. తెలియనివాళ్ళకి మీరు చెప్పండి, గుడ్డ సంగతితో పాటు మనుషుల సంగతీ కలిపి.

అలాగే బందరు వెళ్ళినప్పుడు వలందపాలెం ఎక్కడని ఆటో అతన్ని అడగండి. వలందులంటే హాలండువాళ్ళే. ఊళ్ళో ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివాళ్ళ పేరున పరాసుపేట కూడా ఉన్నాయి. డచ్‌వాళ్ళ సమాధుల మీద వంశచిహ్నాలు, డచ్ అక్షరాలు ఇంకా చదవచ్చు. 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన తన పుస్తకంలో డానియల్ హవార్ట్ ఆ తీరం కథ రాశాడు. గోల్కొండ రాజ్యంలో ఏళ్ళపాటు కంపెనీ ఉద్యోగం చేసినవాడు. సమాధుల మీది రాతల్ని కూడా శ్రద్ధగా ఎక్కించుకున్నాడు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ సమాధుల దగ్గర మొదలుపెట్టి బందరు వీధుల్లో ఇలాగే నడుద్దాం.